దండెం బొంగులో తీగ

రైల్వే సిగ్నల్ విభాగంలో నేను చేసిన ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో చూసినవాడికి తెలిసేలా ఉంచడం. ప్రతి తీగ కొసకీ ఒక బిళ్ళ కట్టి దాని మీద పేరు రాసేవాళ్ళం. పేరు లేని తీగ మాకు పాముతో సమానం. అలాంటివాణ్ణి, ఉద్యోగం ముగిసి కోటబొమ్మాళిలో స్థిరపడ్డాక, సొంత ఇంట్లో ఒక తీగని మనుషుల కంట పడకుండా దాచవలసి వచ్చింది. అదీ కట్టెల పొయ్యి తీగ.

కట్టెల పొయ్యికి తీగేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ తీగ రావడానికి ముందు జరిగింది కొంత చెప్పాలి.

మా పెరట్లో ఒక పెంకుల సావిడి ఉంది. అందులో మా అమ్మ నాటి మట్టిపొయ్యి ఉంది. రోజువారీ వంట గ్యాసు మీదే. మట్టిపొయ్యి చలికాలం స్నానాల నీళ్ళకీ, ఏడాదికోసారి కొత్తలకీ. కొత్తలంటే, కోతలూ నూర్పులూ అయ్యాక ఆ ఏటి బియ్యంతో కొత్త కుండలో పరమాన్నం వండి, ముందు పెద్దలకి పెట్టి, తరవాత మనం తినడం. పొలం మా తమ్ముడు చేస్తాడు, భార్యతో, అంటే మా మరదలితో, నరసన్నపేట దగ్గర పల్లెలో ఉంటాడు. బియ్యం అతను తెస్తాడు. పొయ్యి మాది.

ఆ రోజుకి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పొయ్యిలో నిప్పుని ఇంటి పెద్దకోడలు తన ఊపిరితో లేపాలి. ఇనుప ఊదుగొట్టం ఒకటి అందుకోసమే ఉంది. కుండ పొంగేదాకా ఆ గొట్టాన్ని ఇంకొకరు ముట్టకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. అమ్మని అడిగితే, వాళ్ళ అత్త చెప్పిందనేది. నాయనమ్మ ఎక్కడ నేర్చుకుందో చెప్పేవాళ్ళు లేరు. రూల్సు పుస్తకం పక్కన పెట్టుకుని ఉద్యోగం చేసినవాణ్ణి, పుస్తకం లేని ఈ రూలు నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

ఒక ఏడు అమ్మకి ఊపిరి చాలలేదు. మధ్యలో లేచి, ఊదుగొట్టం మా ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి అరుగు మీద కూర్చుంది. అంతవరకే నాకు గుర్తు. ఆ రోజు డైరీలో కూడా, పరమాన్నం బాగుందని మాత్రమే రాసుకున్నాను.

మా ఆవిడకి గుర్తున్నది వేరు. అది నాకు చాలా కాలానికి, విజయనగరం డాక్టరు దగ్గర నుంచి తిరిగి వస్తుండగా, ఆటోలో తెలిసింది. కొంతకాలంగా ఆమెకి ఆయాసం. పీల్చే మందు ఇచ్చి, పొగ వైపు చూడొద్దన్నాడు డాక్టరు. ఊదడం, బరువెత్తడం అసలే వద్దన్నాడు. ఆమె అన్నింటికీ తలూపింది. ఆటో ఎక్కగానే అడిగింది.

"కొత్తలకి ఇంకెన్నాళ్ళున్నాది?"

"ఇప్పుడు డాక్టరు చెప్పింది విన్నావా, లేదా?"

"ఇన్నాను. అందుకే అడగతన్నాను."

"ఈ ఏడు మా మరదలు ఊదుతుంది. అయినా నువ్వు పక్కనే ఉండి చెప్తూంటావు కదా."

 ఆమె రోడ్డు వైపు చూస్తూ అంది.

"మీ అమ్మ గొట్టం నా సేతిలో ఎట్టీసినాక, మరి ఆ పొయ్యి ముందు కూకోడం మీరు సూసేరా? బతికినన్నాళ్ళూ కొత్తలనాడు పొయ్యికి ఈపెట్టి అరుగు మీద కూకునీది. నాను పిలిసినా రానేదు. ఆకేసి వడ్డిస్తే సుట్టంలాగ తినీసి ఎల్లిపోయీది. గొట్టం ఇచ్చీసిన మనిషి ఆ ఇంటికి సుట్టమే. నాను అప్పుడే సుట్టాన్ని అవ్వను."

 అమ్మ అరుగు మీద కూర్చోవడం నేనూ చూశాను. గాలి కోసం కూర్చుందనుకున్నాను.

బస్సు కాంప్లెక్సు దగ్గర టిఫిన్ బండి ముందు ఆటో ఆగింది. బండి కింద కట్టెల పొయ్యి. దాని పక్కన రెండు పిడికిళ్ళంత చిన్న యంత్రం గుయ్యిమంటోంది. దాని మూతి నుంచి ఒక గొట్టం పొయ్యిలోకి పోయింది. మంట నీలంగా, నిటారుగా లేస్తోంది, పొగన్నది లేదు. పెనం మీద అట్టు వేస్తున్న మనిషి పొయ్యి వైపు చూడనైనా చూడటం లేదు. మా ఆవిడ ఆటో దిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గరకి వెళ్ళి వంగి చూసింది. నాకు అక్కడే భయం పట్టుకుంది. ఆమె అలా వంగి చూసిన వస్తువేదైనా మా ఇంటికి రాకుండా ఉండదు.

"ఏటండీ, ఇది మన పొయ్యికి పడతాదా?"

"పడుతుంది. అయితే అది ఊపిరి కాదు కదా, కరెంటు."

"అది నాకూ తెల్సు. కనబడకూడదు. అంతే."

అలాంటి గాలి యంత్రమే, బ్లోయరంటారు, ఒకటి కొన్నాం. ఇంటికి తెచ్చాక నా అయోమయం మొదలైంది.

నేను ముందు కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. బ్లోయరుని పొయ్యి దగ్గర పెట్టడానికి వీల్లేదు, కనబడుతుంది. సావిడి గోడకి అవతల కట్టెల కొట్టు ఉంది. యంత్రాన్ని అక్కడ పెట్టి, గోడకి కన్నం చేసి, ఇనుప పైపు ఒకటి నేల కింద నుంచి పొయ్యి గర్భంలోకి తెచ్చాను. పొయ్యి లోపలి వైపు అడుగున, చిన్న ఉసిరికాయ పట్టేంత రంధ్రం. గాలి సంగతి అక్కడితో తేలింది. చప్పుడు తగ్గడానికి బ్లోయరు చుట్టూ చెక్కపెట్టె కట్టి, గాలి పీల్చుకునే వైపు మాత్రం వదిలేశాను.

మిగిలింది తీగ. కట్టెల కొట్టులో కరెంటు లేదు. ప్లగ్గు ఉన్నది ఇంటి వెనక వరండాలో, మిక్సీ పెట్టే బల్ల పక్కన. అక్కడి నుంచి కొట్టుదాకా నడవ దాటాలి. నేల మీద నుంచి లాగితే కాళ్ళకి తగులుతుంది. గుమ్మం పక్క నుంచి లాగుదామంటే గడపకి పసుపు రాస్తారు, అక్కడ మేకు కొట్టనివ్వరు. గోడ వెంట లాగితే తెల్ల గోడ మీద నల్ల తీగ. పెంకుల కిందుగా లాగితే ఎలుకలు కొరుకుతాయి. నేను ఒక్కొక్క దారీ గీస్తూ, ఒక్కొక్కటీ కొట్టేస్తూ కూర్చున్నాను. ఇదివరకు ఇలాంటి బొమ్మలు ఎన్ని గీశానో. వాటన్నింటిలోనూ తీగ కనబడాలి. ఇప్పుడు కనబడకూడదనేసరికి నా చెయ్యి మొరాయించింది.

మా ఆవిడ తడిబట్టలు తెచ్చి దండెం మీద వేస్తూ అంది.

"అంత ఆలోసనేటి? ఇదిగో, ఇది డొల్లే కదా."

మా దండెం వెదురుబొంగు. వరండా స్తంభం నుంచి కొట్టు దూలందాకా అడ్డంగా ఉంటుంది, సరిగ్గా నాకు కావలసిన దారి. దాన్ని దించి, కాల్చిన ఇనుప చువ్వతో కణుపులు తొలిచి, తీగని లోపల నుంచి లాగాను. తడిబట్టలకీ కరెంటుకీ పడదు కనక తీగని ముందు ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, ఆ గొట్టాన్ని బొంగులో దూర్చాను. రెండు కొసలకీ కొబ్బరిపీచు కుక్కాను. మళ్ళీ కట్టి చూస్తే దండెం దండెంలాగే ఉంది. నాకు సంతోషం వేసింది. వెంటనే, ఇందులో సంతోషించవలసింది ఏమిటో అర్థం కాలేదు.

పరీక్ష చేశాం. ఆమె పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఊదుగొట్టం నోటి దగ్గర పెట్టుకుంది. నేను వరండాలో మిక్సీ బల్ల దగ్గర పేపరు పట్టుకుని నిలబడ్డాను. ఆమె కుండ మీద మూతని రెండుసార్లు మోగిస్తే స్విచ్చి వెయ్యాలి, ఒకసారి మోగిస్తే తీసెయ్యాలి. ఉద్యోగంలో సిగ్నలు ఇచ్చే వైపు ఉన్నవాణ్ణి, ఇప్పుడు అందుకునే వైపు ఉన్నాను.

మూత మోగింది. స్విచ్చి వేశాను. మంట భగ్గున లేచింది. ఆమె ముఖం మీద ఆ వెలుగు పడింది. చాలాకాలానికి ఆమె దగ్గు లేకుండా నవ్వడం విన్నాను.

"మరీ అంత బుగ్గలు పూరించకు, సన్నాయి వాయించినట్టుంది," అన్నాను గుమ్మంలో నుంచి.

"మీరు పేపరు తిరగేసి పట్టుకున్నారు, అది సూసుకోండి ముందు."

నిజమే, తిరగేసి ఉంది.

మంట ఆరాక ఆమె ఊదుగొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాను ఊదకపోయినా లేస్తంది గదా, మరి నాను ఎందుకండీ ఇక్కడ?" అంది. ఆ ప్రశ్న నన్నడిగిందో, గొట్టాన్ని అడిగిందో తెలియలేదు. ఇంత కష్టపడి ఎవరిని మోసం చేస్తున్నామో అప్పుడు మొదటిసారి ఆలోచించాను. పెద్దలనా? వాళ్ళు ఉంటే, బొంగులో తీగ కూడా వాళ్ళకి కనబడుతుంది. లేకపోతే ఊపిరైనా కరెంటైనా ఒకటే. తమ్ముడినా? అతను పరమాన్నంలో జీడిపప్పు సంగతి తప్ప మరొకటి పట్టించుకోడు. ఇక మిగిలింది మరదలు. మా ఆవిడకి తోటికోడలు, మా వైపు ఏరాలంటారు. గొట్టం చేతులు మారితే వెళ్ళవలసింది ఆమె చేతిలోకే. ఆమెకి అది కావాలో వద్దో మాలో ఎవరూ అడగలేదు.

కొత్తలకి ముందురోజు సాయంత్రం తమ్ముడూ మరదలూ బియ్యం బస్తాతో వచ్చారు. తమ్ముడు పెరట్లోకి వెళ్ళి నిలబడి చెవి ఒగ్గాడు. ఆ సమయంలో మా ఆవిడ స్నానానికి నీళ్ళు కాచుకుంటూ బ్లోయరు ఆపడం మరిచిపోయింది.

"అన్నయ్యా, ఎక్కడో కందిరీగల తుట్టె ఉన్నాది. గుయ్యిమంటంది సూడు."

"ఉందిరా, కొట్టులో ఉంది. అటు వెళ్ళకు, కుడతాయి," అన్నాను. ఇంత తొందరగా అబద్ధం చెప్పగలనని నాకు తెలియదు.

మర్నాడు నేను లేచి పెరట్లోకి వచ్చేసరికే మరదలు పొయ్యి అలికేసింది. పండగనాడు పొయ్యి అలికి ముగ్గు పెట్టాకే నిప్పు వెయ్యాలి. ఎర్రమట్టి, పేడ కలిపి, లోపలా వెలుపలా నున్నగా మెత్తింది. ముగ్గు కూడా పెట్టేసింది. పొయ్యి కొత్తదానిలా మెరుస్తోంది. ఎప్పుడూ ఈ పని మా ఆవిడే చేసేది. ఈ ఏడు వంగలేక ఆమె లేచేసరికి ఆలస్యమైంది. చూసి, "బాగా అలికేవే," అంది. మాకిద్దరికీ ఇంకేమీ తోచలేదు.

కుండ ఎక్కించారు. మా ఆవిడ పీట మీద కూర్చుంది. కింద తాటాకు ముక్క అంటించి, సన్న పుల్లలు పేర్చి, గొట్టం అందుకుంది. నేను వరండాలో పేపరుతో నిలబడ్డాను, ఈసారి తిన్నగా పట్టుకున్నాను. మూత రెండుసార్లు మోగింది. స్విచ్చి వేశాను.

కాసేపటికి మళ్ళీ రెండుసార్లు మోగింది. వేసే ఉందే అనుకున్నాను. తీసి మళ్ళీ వేశాను. మూత ఇంకా గట్టిగా మోగింది. కరెంటు పోయిందా? వరండాలో ఫ్యాను తిరుగుతోంది. ప్లగ్గు వదులైందా? నొక్కి చూశాను. కొట్టులో గుయ్యిమనడం నాకు వినబడుతూనే ఉంది, అదీ మామూలు కన్నా సన్నగా, గొంతు పట్టేసినట్టు. కరెంటు ఉంది, యంత్రం తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. తీగ బయట ఉంటే చివరిదాకా చూసుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పుడు అంతా బొంగులోనూ, గోడలోనూ, మట్టిలోనూ ఉంది. నేను దాచినదాన్ని నేనే వెతకలేకపోతున్నాను.

పెరటి గుమ్మంలోకి వెళ్ళేసరికి సావిడి నిండా పొగ. మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. తమ్ముడు పక్కన నిలబడి, "పుల్లలు పచ్చివి గావాల వదినా," అంటున్నాడు. మరదలు కొట్టులో నుంచి ఎండుకట్టెలు తెచ్చి పడేసి, నన్ను చూసి అంది.

"బావగారూ, సెప్పడం మరిసిపోయేను. మీ పొయ్యికి అడుగున ఎలకబొరియ పడిపోనాది. లోపలికంటా ఉన్నాది. రాయెట్టి మట్టి మెత్తీసేను. నేకపోతే నిప్పులు అందులోకి జారిపోవా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అలాంటి చూపు మా మధ్య నడవలేదు. అందులో కోపం ఉందో, నవ్వు ఉందో నేను తేల్చుకునేలోపే ఆమె తల తిప్పేసింది.

"మంచి పని సేసేవు," అంది మరదలితో.

గొట్టం నోటికి పెట్టుకుంది. ఈసారి బుగ్గలు పూరించలేదు. నిజంగా ఊదింది. నిప్పు కొంచెం ఎర్రబడి మళ్ళీ నల్లబడింది. దగ్గు వచ్చింది. ఆగి, మళ్ళీ ఊదింది. నేను ఒక అడుగు ముందుకి వేశాను. ఆమె చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. వెళ్ళి గొట్టం లాక్కోవాలా, డాక్టరు మాట గుర్తు చెయ్యాలా, బొరియ సంగతి చెప్పెయ్యాలా? ఆ గుమ్మంలోనే ఉండిపోయాను.

మరదలు ఏమనుకుందో, గోడకి ఉన్న చేట అందుకుని పొయ్యికి అవతల వైపు గొంతుకూర్చుంది. మా ఆవిడని ఆమె అప్పా అంటుంది, మా వైపు అప్ప అంటే అక్క.

"ఊదు అప్పా, నాను ఇసురుతాను."

"సేటతోనా? సేటతో ఎవులూ ఇసరలేదే," అంది మా ఆవిడ దగ్గు మధ్య.

"ఇసరకూడదని ఎవులైనా సెప్పేరా? గొట్టం ముట్టకూడదన్నారు. నాను ముట్టనేదు గదా."

మా ఆవిడ నా వైపు చూసింది, రూల్సు తెలిసినవాడు నేనే అన్నట్టు. నాకు మాత్రం ఏం తెలుసు? తల అడ్డంగా ఊపానో, నిలువుగా ఊపానో కూడా గుర్తు లేదు.

ఆమె ఊదింది, గాలి ఉన్నంతే, నెమ్మదిగా. అవతల నుంచి చేట గాలి వచ్చింది. ఆమె ఆగినప్పుడు చేట ఆగలేదు. చేట ఆగినప్పుడు ఆమె ఊదింది. మరదలు మధ్యమధ్యలో, "ఒలప్పా, నా మొకం మీదకి ఊదతన్నావేటి, పొయ్యి ఇటున్నాది," అని వెక్కిరించింది. "నీ మొకం కూడా కొత్తదే గదే, పొంగుతాదేమో అని," అంది మా ఆవిడ. పొగలో ఇద్దరూ నవ్వుతున్నారు. పుల్లలు అంటుకున్నాయి. పొగ పైకి పోయింది. కుండ, శుభమన్నట్టు, తూర్పు వైపుకే పొంగింది. తమ్ముడు పెద్దగా, "పొంగిందిరా," అని ఎవర్ని ఉద్దేశించో అరిచాడు. కొట్టులో బ్లోయరు ఇంకా గుయ్యిమంటూనే ఉంది. వెళ్ళి స్విచ్చి తీసేశాను. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, లేదా గమనించలేదని నేననుకున్నాను.

పెద్దలకి పెట్టాం. మేమూ తిన్నాం. మా ఆవిడ పొయ్యికి ఎదురుగానే ఆకు వేసుకుంది. పీల్చే మందు రెండుసార్లు పీల్చింది గాని, అన్నం మాత్రం బాగా తింది.

అంతా అయ్యాక ఆమె ఊదుగొట్టాన్ని కడిగి, తుడిచి, మరదలికి అందించింది.

"ఆ మేకుకి తగిలించీ."

మరదలు రెండు చేతులతో అందుకుంది. మేకు వైపు వెంటనే నడవలేదు. కొంచెం సేపు దాన్ని పట్టుకుని నిలబడి, తరవాత తీసుకెళ్ళి తగిలించింది.  అమ్మ గొట్టం అందించిన రోజు కూడా ఇలాగే ఉందా? అప్పుడూ నేను చూస్తూనే ఉన్నాను, అప్పుడూ అర్థం కాలేదు.

వాళ్ళు సాయంత్రం బస్సెక్కాక అడిగాను. "గొట్టం ఇచ్చేసినట్టేనా?"

"తగిలించమన్నాను. ఇచ్చీనానా?"

"చేతికి అందించావు కదా మరి."

"అందించకుండా ఎలగ తగిలిస్తాది?" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొయ్యి చల్లారాక చువ్వ పెట్టి ఆ రంధ్రం తవ్వాను. పైన మట్టి, లోపల ఒక గుండ్రాయి. ఎలుకబొరియకి ఎవరైనా అలాగే మూస్తారు. పైపు మూతి మరదలి వేలికి తగిలే ఉంటుంది, ఇనుము ఇనుములాగే ఉంటుంది గాని బొరియలాగ ఉండదు. అయినా మట్టి పూసిన వేలికి ఏం తెలుస్తుంది? కట్టెలకి కొట్టులోకి వెళ్ళినప్పుడైనా గుయ్యిమంటున్న చెక్కపెట్టె కంటబడలేదా? తెలిసి మూసి ఉంటే, చేట ఎందుకు పట్టింది? తెలియక మూసి ఉంటే, గొట్టం పట్టుకుని అంతసేపు ఎందుకు నిలబడింది? సిగ్నలు చెడితే కారణం కనుక్కునేదాకా నేను కదిలేవాణ్ణి కాను. ఇక్కడ కారణం వెతకాలంటే మరదలిని అడగాలి. అడగాలంటే బొంగు విప్పాలి.

బొంగుని నేను విప్పకముందే మా ఆవిడ విప్పించింది. "ఆ తీగ తీసి గోడ మీద కొట్టీయండి, కనబడినా పరవాలేదు. నీళ్ళు కాగడానికి ఉంటాది," అంది. కొత్తలకి అని అనలేదు, కొత్తలకి కాదు అనీ అనలేదు. తరవాత ఫోను తీసి తోటికోడలికి చేసింది. నేను వరండాలో ఉన్నాను, ఆమె గొంతు వినబడుతోంది.

"ఒలే, ఒచ్చే ఏడు బేగి రా. పొయ్యి నువ్వే అలకాల, నాను ఒంగలేను. సేట కూడా మంచిది సూసి తే, మాది సిరిగిపోనాది. ఆఁ? గొట్టమా? గొట్టం నా దగ్గరే ఉంటాది, నీకెందుకే ఆ పొగ."

అవతల నుంచి మరదలు ఏమందో వినబడలేదు. మా ఆవిడ మాత్రం చాలాసేపు నవ్వింది. చివరికి దగ్గు వచ్చి ఫోను పెట్టేసింది.

ఇప్పుడు తీగ తెల్ల గోడ మీద నల్లగా, అందరికీ కనబడేలా ఉంది. పాత అలవాటు కొద్దీ కొసకి ఒక రేకుబిళ్ళ కట్టాను. నీళ్ళపొయ్యి అని రాద్దామని కలం తీశాను. ఆమె చూసి, "ఇప్పుడే రాసీకండి, సూద్దుము," అంది. బిళ్ళ ఖాళీగానే వేలాడుతోంది. చలి రోజుల్లో మా ఆవిడ స్విచ్చి వేసి, పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని, చేతులు కాచుకుంటూ కూర్చుంటుంది. ఊదవలసిన పని లేదు. అయినా ఒక్కోసారి ముందుకి వంగి, గొట్టం లేకుండానే, మంట మీదకి మెల్లగా ఒకసారి ఊదుతుంది.